ఇంకు పెన్ను ఆత్మరక్షణకు పనికొస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో విశ్వవిద్యాలయ హాస్టళ్ళలో ఉండే విద్యార్థినులు, రాత్రి డ్యూటీ ముగించుకొని ఆటో కోసం నిలబడే నర్సులు, చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఉద్యోగులు ఈ మధ్య ఇంకు పెన్ను గురించి ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఒక మంచి పెన్ను ఉంటే ఎవరు మీదికి వచ్చినా తప్పించుకోవచ్చునని చెప్పే వీడియోలు ఫోన్లలో విరివిగా తిరుగుతుండటమే ఇందుకు కారణం. ఇంకు పెన్నులను చాలాకాలంగా వాడుతూ, విప్పి బాగుచేస్తూ ఉన్న అనుభవంతోనూ, ఆత్మరక్షణకు సంబంధించిన చట్టాన్ని చదివిన మేరకూ ఈ జవాబులు రాస్తున్నాను.

సూటిగా చెప్పండి. పనికొస్తుందా, పనికిరాదా?

పాళీతో పొడిచే ఆయుధంగా పనికిరాదు. మూత బిగించి పిడికిట్లో పట్టుకున్న చిన్న కడ్డీగా, అదీ కేకలు వేయడానికీ పరుగెత్తడానికీ వీలు లేకుండా ఎవరైనా చేయి పట్టుకున్నప్పుడు, ఆ పట్టు విడిపించుకోవడానికి కొంతవరకు అక్కరకు రావచ్చు. అంతకు మించి ఆశిస్తే చేతిలో పెన్ను ఉందన్న ధైర్యమే మిమ్మల్ని ప్రమాదంలోకి తీసుకువెళుతుంది.

పాళీ మొన అంత సన్నగా ఉంటుంది కదా, పనికిరాకపోవడం ఏమిటి?

పాళీని దగ్గరగా చూసినవారికి ఈ సందేహం నిలవదు. అది మిల్లీమీటరులో కొద్ది వంతు మందం మాత్రమే ఉండే స్టీలు రేకు. ఖరీదైన పెన్నులలోనైతే పద్నాలుగు, పద్దెనిమిది క్యారెట్ల బంగారు రేకు. ఆ రేకు మధ్యలో సిరా దిగడానికి నిలువునా ఒక చీలిక కోస్తారు, చాలా పాళీలలో చీలిక మొదట్లో ఒక చిన్న రంధ్రం కూడా ఉంటుంది. అంటే మీరు మొన అనుకుంటున్నది నిజానికి పక్కపక్కనే నిలబడిన రెండు సన్నని పాయలు. వాటి చివర కాగితం మీద అరిగిపోకుండా గట్టి మిశ్రలోహపు బిందువును అతికి, కాగితాన్ని గీరకుండా జారిపోవడానికి దాన్ని గుండ్రంగా సానపడతారు. పొడవడానికి కావలసిన గుణాలకు సరిగ్గా వ్యతిరేకమైన గుణాల కోసం పని తెలిసినవాళ్ళు గంటల తరబడి శ్రమించి తయారుచేసిన వస్తువు అది.

మూత తీసిన పెన్ను బల్ల మీద నుంచి దొర్లి, సిమెంటు గచ్చు మీద పాళీ ఆని పడటం ఇంకు పెన్నులు వాడేవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమే. పెన్ను బరువు 25 గ్రాములకు అటూ ఇటూ, పడిన ఎత్తు రెండున్నర అడుగులు. భూతద్దం కింద పెట్టి చూస్తే ఒక పాయ పైకి లేచి ఉంటుంది, రెండోది దాని కిందికి దూరి ఉంటుంది, చీలిక నోరు తెరుచుకొని సిరా చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది. ఆ కొద్దిపాటి దెబ్బకే వంగిపోయిన రేకు దళసరి జీన్సు ప్యాంటునో చలికోటునో దాటి ఎదుటి మనిషిని ఆపుతుందని నమ్మడం కష్టం. పైగా చాలా పెన్నులలో పాళీనీ, దాని కింద ఉండి సిరాను అందించే ఫీడునూ కేవలం రాపిడి మీదే పెన్ను గొంతులో, అంటే వేళ్ళతో పట్టుకొనే భాగంలో బిగిస్తారు. గట్టిగా తాకితే రెండూ వెనక్కి జరిగిపోతాయి, లేదా పక్కకు తిరిగిపోతాయి.

అలాగని పాళీ ప్రమాదకరం కాదని అనుకోకూడదు. కంటికి తగిలితే చూపు పోవచ్చు. దాడిని ఆపలేని వస్తువు ఒక కన్నును మాత్రం పాడుచేయగలదు. దానిని ఆయుధంగా ఎంచుకోవద్దని చెప్పడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే.

మూత పెట్టి ఉంచితే ఎలా పనికొస్తుంది?

ఇక్కడ కొంత చరిత్ర ఉంది. జపాన్‌లో పుట్టి అమెరికాలోని లాస్ ఏంజలెస్‌లో స్థిరపడిన కరాటే గురువు తకయుకి కుబోటా 1970లలో అక్కడి మహిళా పోలీసులకు తాళంచెవుల గుత్తికి తగిలించుకునే ఒక పొట్టి కడ్డీతో శిక్షణ ఇచ్చారు. కుబోటాన్ అని పేరుపడిన ఆ కడ్డీ సుమారు ఐదున్నర అంగుళాల పొడవు, అర అంగుళం పైచిలుకు మందం ఉంటుంది. మూత పెట్టిన ఇంకు పెన్ను కొలతలు దాదాపు ఇవే. పెన్నుతో ఆత్మరక్షణ నేర్పేవారు చూపించే పట్టులన్నీ ఈ కడ్డీకి సంబంధించినవే గాని పెన్ను కోసం పుట్టినవి కావు.

పోలిక కొలతల దగ్గరే ఆగిపోతుంది. కుబోటాన్ లోపల గుల్ల లేని ఒకే ముక్క. ఇంకు పెన్ను మూత, గొంతు, గొట్టం అని మూడు భాగాలుగా మరల మీద బిగిసిన గుల్ల వస్తువు, అందులోనూ లోపల సిరా గొట్టం ఉంటుంది. అడ్డంగా ఒత్తిడి పడితే గొంతూ గొట్టమూ కలిసే మర దగ్గర అది విరుగుతుంది. పాత పెన్నులు బాగుచేసే ఎవరి డబ్బా తెరిచి చూసినా అక్కడ విరిగిన ముక్కలే ఎక్కువ కనిపిస్తాయి.

ఏ పెన్ను గట్టిది?

మన రాష్ట్రంలో ఇంకు పెన్ను అనగానే రాజమహేంద్రవరం గుర్తుకొస్తుంది. స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932 నుంచి అక్కడ రత్నం పెన్నులు తయారవుతున్నాయి. వాటిలో పేరున్నవి ఎబొనైటుతో చేసినవి. రబ్బరుకు గంధకం కలిపి గట్టిపరచిన ఆ పదార్థం చేతికి వెచ్చగా, రాయడానికి హాయిగా ఉంటుంది గాని గట్టి దెబ్బకు పెళుసుగా విరిగిపోతుంది. లామీ సఫారీ వంటివి ఏబీఎస్ ప్లాస్టిక్‌వి, కాస్త తట్టుకుంటాయి. పైలట్ మెట్రోపాలిటన్ ఇత్తడి గొట్టంతో వస్తుంది కాబట్టి ఈ మూడింటిలో గట్టిది అదే. అయినా దెబ్బకు తట్టుకుంటుందా అన్న లెక్కతో ఇంకు పెన్ను కొనడం నాకైతే అర్థంలేని ఖర్చుగా తోస్తుంది.

మూత తీయడానికి ఎంతసేపు పడుతుంది?

మర మూత అయితే ఒకటిన్నర నుంచి రెండు చుట్లు తిప్పాలి, రెండు చేతులూ కావాలి. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ చూపిన లెక్క ప్రకారం సాధారణ ఆరోగ్యం గల మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీదికి రాగలడు. గాంధీ రోడ్డు కాలిబాట మీద మీకూ ఎదుటివారికీ మధ్య 21 అడుగుల ఖాళీ ఎప్పుడైనా ఉంటుందా? బ్యాగు జిప్పు తీసి, పెన్ను వెతికి, మూత తిప్పే పని ఆ వ్యవధిలో అయ్యేది కాదు. బటన్ నొక్కితే పాళీ బయటికి వచ్చే క్యాప్‌లెస్ రకం పెన్నును పైలట్ కంపెనీ 1963లోనే తెచ్చింది గాని, అందులోనూ బయటికి వచ్చేది అదే మెత్తని పాళీ.

టాక్టికల్ పెన్నులు అని అమ్ముతున్నారు. అవి కొనవచ్చా?

అవి అల్యూమినియం, టైటానియం వంటి లోహాలతో చేసిన దళసరి బాల్‌పాయింట్ పెన్నులు. కొన్నింటికి కారు అద్దం పగలగొట్టడానికి టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉంటుంది. ఇంకు పెన్ను కన్నా అవి గట్టివన్నది నిజమే. అయితే మామూలు పెన్నుకు ఉన్న అమాయకత్వం వాటికి ఉండదు. రాసుకోవడానికి జేబులో పెట్టుకున్నానని ఇంకు పెన్ను గురించి చెబితే ఎవరూ అనుమానించరు. ఆయుధంగానే ప్రచారం చేసి అమ్మిన వస్తువు విషయంలో ఆ మాట అంత సులభంగా నిలబడదు. ఇక లోపల తూటా పేల్చే పెన్ను తుపాకీ అనేది 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి వచ్చే తుపాకీయే, పెన్ను ఆకారంలో ఉన్నంత మాత్రాన చట్టం దానిని వదిలిపెట్టదు.

ముఖం మీద ఇంకు చల్లితే?

పెన్ను లోపల సిరా నింపుకొనే చిన్న గొట్టమైన కన్వర్టరులో పట్టేది సుమారు ఒక మిల్లీలీటరు, చాలా వాటిలో అంతకన్నా తక్కువ. ఆ సిరా కూడా గురి చూసి చల్లితే వెళ్ళేది కాదు, విదిలిస్తే నాలుగైదు చుక్కలు పడతాయి, వాటిలో రెండు మీ చొక్కా మీదే పడతాయి. మరకను బట్టి నేరస్థుణ్ణి పట్టుకోవచ్చనే ఆశ కూడా పెట్టుకోవద్దు. బడిపిల్లలు వాడే నీలి సిరాలు చాలావరకు నీళ్ళకు పోతాయి.

రద్దీ బస్సులో వెనక నుంచి తాకే వాడికి పెన్నుతో గుచ్చవచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మన అమ్మలూ పిన్నమ్మలూ ఈ పనికి పిన్నీసు వాడారు, అది ఇప్పటికీ చాలామంది చీర కొంగుకో చున్నీకో సిద్ధంగా ఉంటుంది. పిన్నీసు చిన్నది, గాయం కన్నా ఉలికిపాటు ఎక్కువ కలిగిస్తుంది, కుదుపు వచ్చినా లోతుగా దిగదు. పెన్ను అలా కాదు. పూతలపట్టు దాటాక డ్రైవరు సడన్ బ్రేకు వేశాడనుకోండి, వెనక్కి గురి పెట్టిన పాళీ పక్కసీటులో తల్లి ఒడిలో నిద్రపోతున్న బిడ్డ ముఖానికి తగలవచ్చు. నిలబడ్డవారి మధ్య చేయి ఎవరిదో కూడా అన్నిసార్లూ తేలదు.

మూత పెట్టిన పెన్ను చివరతో ఆ చేతి వెనుక భాగాన్ని గట్టిగా నొక్కి తోసివేయడం సమంజసమే. దానికన్నా ముందు చేయవలసినది, అందరికీ వినపడేలా "చెయ్యి తియ్" అని అరవడం. గొంతు పెద్దదవగానే బస్సులో పదిమంది తలలు తిరుగుతాయి, కండక్టరు దగ్గరికి వస్తాడు. బస్సును దారిలోని పోలీసు స్టేషను ముందు ఆపమని పట్టుబట్టవచ్చు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమెపై బలప్రయోగం చేయడం భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద నేరం, అదే పనిగా వెంటపడటం 78వ సెక్షన్ కింద నేరం. కాబట్టి ఫిర్యాదు చేయడానికి మీకు గాయం కావలసిన అవసరం లేదు.

చేయి పట్టుకొని లాగుతున్నప్పుడు ఏం చేయాలి?

ముందు అరవండి. పెన్ను అప్పటికే చేతిలో ఉంటే మూత తీయకుండా పిడికిట్లో ఇమిడ్చి, రెండు చివరలూ కాస్త బయటికి వచ్చేలా పట్టుకోండి. మిమ్మల్ని పట్టుకున్న చేతి వేళ్ళ కణుపుల మీద, ముంజేతి ఎముక మీద దాని చివరతో బలంగా ఒత్తితే నొప్పికి పట్టు సడలుతుంది. సడలిన క్షణమే వెలుతురు ఉన్న వైపుకు, జనం ఉన్న వైపుకు పరుగెత్తండి. రెండో దెబ్బ కోసం ఆగడం, అతను పడ్డాడో లేదో చూడటం, తిట్టడానికి నిలబడటం ఇవేవీ వద్దు. ముఖం, మెడ, కళ్ళ జోలికి పోవద్దని చెప్పడం నా ఉద్దేశం, అయితే ప్రాణం మీదికి వచ్చిన వేళ చట్టం మీ చేతులు కట్టివేయదని కింది జవాబులో చూస్తారు.

చదివి నేర్చుకొనే విద్య కాదు ఇది. పట్టు విడిపించుకోవడం శిక్షకుడి ఎదుట, తోటి మనిషితో పదేపదే సాధన చేస్తేనే ఆ కంగారులో శరీరానికి గుర్తొస్తుంది. సాధనకు పెన్ను కాకుండా పొట్టి చెక్కముక్క వాడండి.

అలా కొడితే నా మీదే కేసు అవుతుందా?

ఆత్మరక్షణ హక్కు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉంది. పాత భారత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. మీ శరీరాన్నే కాదు, పక్కన దాడికి గురవుతున్న అపరిచితురాలి శరీరాన్ని కాపాడటానికి కూడా ఈ హక్కు వర్తిస్తుంది. దాడి చేసినవాడు తాగి ఉన్నా, మతి స్థిమితం లేనివాడైనా మీ హక్కు తగ్గదని 36వ సెక్షన్ చెబుతుంది.

హద్దులు 37వ సెక్షన్‌లో ఉన్నాయి. పోలీసుల వంటి ప్రభుత్వ రక్షణ పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు ఉండదు. ఉన్నప్పుడు కూడా రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. ఉదాహరణకు, బైరాగిపట్టెడ సందులో ఒకడు మీ ఫోను లాక్కొని పారిపోతున్నాడు, మీరు వెంటపడి పట్టుకొని, కిందపడి చేతులు జోడించినవాడిని పాళీతో పొడిచారు అనుకుందాం. అది రక్షణ కాదు, కక్ష. అదే మనిషి గొంతు పట్టుకొని గోడకు అదిమి ఊపిరాడనివ్వనప్పుడు మీరు చేతికి దొరికిన పెన్నుతో పొడిస్తే లెక్క వేరు. చావు, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి జరుగుతాయన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు ఎదుటివారి మరణానికి దారితీసే ప్రతిఘటనను కూడా 38వ సెక్షన్ అనుమతిస్తుంది. ఆ భయం మొదలైనప్పుడు హక్కు మొదలవుతుంది, అది కొనసాగినంతసేపే ఉంటుంది. ఇది 40వ సెక్షన్ సారాంశం. దెబ్బ తగిలేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు, ప్రమాదం దాటాక కొట్టకూడదు.

దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ హక్కు సూత్రాలను ఒకచోట క్రోడీకరించింది. ప్రాణాపాయంలో చిక్కిన మనిషి తన ప్రతిఘటనను అంచెలంచెలుగా తూచి కొలవాలని ఆశించడం వాస్తవం కాదని అందులో గుర్తించింది, హక్కును పగతీర్చుకోవడానికి వాడుకోరాదనీ స్పష్టం చేసింది. ఆత్మరక్షణ అని చూపించవలసిన భారం నిందితుల మీదే ఉంటుంది గాని, ప్రాసిక్యూషన్ మాదిరిగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. అలా జరిగివుండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే సరిపోతుంది.

పెన్నును చట్టం ఆయుధంగా చూస్తుందా?

జేబులో ఉన్నంతవరకు కాదు. ఆయుధంగా వాడినప్పుడు మాత్రం చూడవచ్చు. ప్రమాదకర ఆయుధంతో గాయపరచడాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కత్తులు, తుపాకుల జాబితాతో ఆగకుండా, పొడవడానికో కోయడానికో వాడే ఏ సాధనాన్నైనా లెక్కలోకి తీసుకుంటుంది. మామూలు గాయమైతే మూడేళ్ళ వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ; తీవ్ర గాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ళ వరకు, లేదా యావజ్జీవం. శాశ్వతంగా కంటిచూపు పోగొట్టడం తీవ్ర గాయమే. కాలేజీ క్యాంటీనులో మాటామాటా పెరిగి పాళీ చూపించే కుర్రవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవడం మంచిది.

ఘటన జరిగిన వెంటనే ఏం చేయాలి?

112కు ఫోన్ చేయండి. మహిళలకు 181, రైల్లోనో స్టేషన్‌లోనో అయితే 139. రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ప్రారంభించిన శక్తి యాప్‌ను ముందే ఫోనులో పెట్టుకుంటే అత్యవసర బటన్ నొక్కడం సులభం. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా దగ్గరలోని స్టేషనులో జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకొనే హక్కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇస్తుంది, కాబట్టి "మా పరిధి కాదు" అన్న జవాబుతో వెనక్కి రావద్దు.

పెన్నును కడగవద్దు, తుడవవద్దు, మూత పెట్టి కాగితం కవరులో వేసి పోలీసులకు ఇవ్వండి. చిరిగిన బట్టలూ అంతే. మీ చేతి మీది గోటిగాట్లు, కమిలిన మచ్చలు పోకముందే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్య పరీక్ష చేయించుకోండి. మీరు ముందుగా దాడికి గురయ్యారని చెప్పే సాక్ష్యం అదే. అన్నట్టు, ఇంకు పెన్ను నిస్సందేహంగా పనికొచ్చే ఘట్టం ఇదొక్కటే: ఆటో నంబరు, అతని చొక్కా రంగు, సమయం మరిచిపోకముందే అరచేతి మీదైనా సరే రాసుకోండి.

పెన్ను గుచ్చుకుంటే చికిత్స ఏమిటి?

గుచ్చుకున్న గాయం పైకి చిన్నదిగా కనిపించి లోపల లోతుగా ఉంటుంది, మురికిని లోపలికి తీసుకుపోతుంది. సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం వైద్యుణ్ణి అడగండి. పెన్ను ముక్క లోపల దిగి ఉంటే పీకవద్దు, కదలకుండా కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కన్ను అయితే కడగడం, నలపడం, ఒత్తి కట్టడం ఏవీ చేయకుండా పైన కప్పు లాంటిది అడ్డం పెట్టి వెంటనే వెళ్ళాలి. చర్మంలోకి దిగిన సిరా పచ్చబొట్టులా మిగిలిపోవచ్చు.

అలిపిరి తనిఖీలో పెన్ను ఆపుతారా? నడకదారిలో రక్షణకు పనికొస్తుందా?

రాసుకొనే పెన్నును ఆపరు. మొనదేలిన లోహపు టాక్టికల్ పెన్ను కొండకు తీసుకుపోవడం మాత్రం అనవసరమైన తలనొప్పి. మద్యం, మాంసం, పొగాకుతోపాటు ఆయుధాలను అక్కడ అనుమతించరు.

నడకదారిలో భయం మనుషుల వల్ల కన్నా చిరుతల వల్ల. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఆరేళ్ళ పాపను చిరుత బలితీసుకుంది, ఆ తరువాత దేవస్థానం నడిచివెళ్ళే భక్తుల చేతికి కర్రలు ఇచ్చింది. కర్ర మనిషిని పెద్దగా కనిపించేలా చేస్తుంది, దూరం నుంచే అదిలించడానికి ఉపకరిస్తుంది. పెన్ను ఈ రెండింటిలో ఏదీ చేయదు. గుంపుగా నడవండి, పిల్లల చేయి వదలకండి, సిబ్బంది చెప్పిన వేళలు పాటించండి.

మా అమ్మాయి హాస్టలులో చేరుతోంది. ఏం ఇచ్చి పంపమంటారు?

రాసుకోవడానికి మంచి ఇంకు పెన్ను ఇవ్వండి. రక్షణకు తాళంచెవులకు తగిలించిన ఈల ఇవ్వండి, గొంతు పెగలని భయంలోనూ అది మోగుతుంది. ఫోనులో ఛార్జింగు, ఇంటికి తెలిసిన ఆటో నంబరు, రాత్రి బయటికి వెళితే తోడు ఒకరు ఉండేలా చూసుకోమనండి. వీలైతే ఒక వేసవిలో కరాటేనో జూడోనో నేర్పించండి.

రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు?

మామూలు ఇంకు పెన్ను చేతిసంచిలో తీసుకుపోవచ్చు, టాక్టికల్ పెన్ను అయితే భద్రతా సిబ్బంది తీసేసుకోవచ్చు. పైకి వెళ్ళేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి, పెన్ను లోపలి గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. అందువల్ల సిరా పూర్తిగా నింపండి లేదా పూర్తిగా తీసేయండి, పాళీ పైకి ఉండేలా జేబులో నిలబెట్టుకోండి, విమానం పైకి లేస్తున్నప్పుడు మూత తీయకండి.